కరోకే మైకు ఏ దారిన పోవాలి: కంప్యూటర్ లోంచా, పక్కనుంచా?

హాల్లో టీవీ ఉంది, ధ్వనిని అందుకుని స్పీకర్లకు పంపే ఏవీ రిసీవర్ ఉంది, స్పీకర్లున్నాయి, వాటి వెనక సినిమాలకూ పాటలకూ వాడుకునే చిన్న కంప్యూటరూ ఉంది. ఒక మైకు తెచ్చి కంప్యూటర్‌కి గుచ్చేస్తే కరోకే సిద్ధమైపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. గుచ్చి పల్లవి ఎత్తుకోగానే తేడా తెలుస్తుంది. నోట్లోంచి మాట వెళ్ళిపోయాక ఓ క్షణం ఆగి అదే మాట స్పీకర్లోంచి వస్తుంది. పాడేవారు దానికోసం తెలియకుండానే ఆగుతారు. పాట మాత్రం ఆగదు. రెండో లైనుకల్లా తాళం తప్పుతుంది.

మైకులో లోపం లేదు, గొంతులోనూ లేదు. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్ళాల్సిన గొంతును మనం ఊరంతా తిప్పి తెచ్చాం, అంతే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పాటను కంప్యూటర్లోనే ఉండనివ్వండి. గొంతును మాత్రం, గట్టి కారణం లేకపోతే, దాని లోపలికి పంపి బయటికి తేకండి. ఆ గట్టి కారణం ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సంగతి కూడా కింద వస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

ఆలస్యం. మిగతావన్నీ దీని తరవాతే. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. స్పీకరుకు 3 మీటర్ల దూరంలో నిలబడి పాడితే ఒక్క గాలే 9 మిల్లీసెకన్లు తినేస్తుంది. పరికరాల వల్ల వచ్చే ఆలస్యం ఇంకో 10 మిల్లీసెకన్ల లోపే ఉంటే చాలామందికి పట్టింపు ఉండదు. 20, 30 దగ్గరికొచ్చేసరికి గొంతు బరువెక్కినట్టు, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. 50 దాటితే అది విడిగా వినబడే ప్రతిధ్వనే. 200 దగ్గర మామూలుగా మాట్లాడేవాళ్ళకే నాలుక తడబడుతుంది.

ఈ ఆలస్యం బఫర్లలో పోగవుతుంది. కంప్యూటర్ ధ్వనిని బొట్టు బొట్టుగా కాక చెంబుల్లో పట్టి మోస్తుంది. చెంబు నిండేదాకా ఆగాలి. సెకనుకు 48,000 శాంపిళ్ళ (ధ్వనిని కొలిచిన చిన్న ముక్కల) లెక్కన 128 శాంపిళ్ళ బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7, 1024 అంటే 21.3. లోపలికి వచ్చేటప్పుడు ఒక చెంబు, బయటికి పోయేటప్పుడు ఇంకొకటి. మధ్యలో విండోస్ మిక్సింగ్ ఇంజన్‌కి దాని 10 మిల్లీసెకన్ల దఫా ఒకటి. ఆ తరవాత హెచ్‌డీఎంఐ మీదుగా రిసీవర్‌లోకి వెళ్తే, గది ధ్వనిని సరిచేసే లెక్కలూ సరౌండ్ ఎఫెక్టులూ తమ వాటా తాము కలుపుతాయి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పాట ఎంత ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు, ఎందుకంటే అది ముందే రికార్డై ఉంది. పాడేవారు తమకు వినబడిన పాటతో కలిసి పాడతారు. ఆలస్యం కాకూడనిది గొంతొక్కటే. కాబట్టి రెండింటికీ ఒకే దారి వేయాలన్న నియమమేమీ లేదు.

ఎకో. ఎకో లేని మైకులో తన గొంతు విని సంతోషించినవాళ్ళు తక్కువ. దాన్ని ఎవరు కలుపుతారన్నది ముఖ్యం: పాటనూ గొంతునూ కలిపే బయటి పెట్టె, అంటే మిక్సరా, సాఫ్ట్‌వేరా?

స్కోరు, రికార్డింగు. శ్రుతి చూసి మార్కులేసే ఆటలు ఆడాలన్నా, పాడింది దాచుకోవాలన్నా గొంతు కంప్యూటర్‌కి చేరాల్సిందే. అయితే చేరడం వేరు, చేరి తిరిగి రావడం వేరు.

ఇంట్లో మిగతావాళ్ళు. అమర్చినవారు ఇంట్లో లేనప్పుడు కూడా అది పనిచేయాలి. ఐదు కిటికీలు తెరిచి, మూడు చోట్ల టిక్కులు పెడితేగాని మైకు పలకదంటే ఆ మైకు అటక ఎక్కుతుంది.

## ఒక్కచూపులో

| దారి | గొంతు ఆలస్యం | ఎకో | స్కోరు, రికార్డింగు | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| కంప్యూటర్ మైకు జాక్, విండోస్‌లోని లిసన్ అమరిక | ఎక్కువ | లేదు | అవుతుంది | తాళం నిలవదు, బుస్సుమనే శబ్దం |
| యూఎస్‌బీ మైకు, సాఫ్ట్‌వేర్ మిక్సర్ | మధ్యస్థం, అమరికను బట్టి | కావలసినంత | అవుతుంది | ఓపిక, అప్పుడప్పుడు టిక్కుమనే శబ్దాలు |
| డైరెక్ట్ మానిటర్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ | దాదాపు సున్నా | విడిగా చూసుకోవాలి | అవుతుంది | పాట కూడా దాని గుండానే పోవాలి |
| ఎఫెక్టులున్న బయటి మిక్సర్ | దాదాపు సున్నా | లోపలే ఉంటుంది | యూఎస్‌బీ ఉంటే అవుతుంది | వైర్లు, హమ్, స్టీరియో మాత్రమే |
| గొంతుకు వేరే స్పీకర్ | దాదాపు సున్నా | స్పీకర్‌ను బట్టి | కాదు | గొంతు ఒక చోట, పాట ఒక చోట |

బ్లూటూత్ మైకును పట్టికలో పెట్టలేదు, కావాలనే. బ్లూటూత్ ఆడియోలో వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. పైగా కంప్యూటర్ మైకును హెడ్‌సెట్‌లా వాడుకుంటే గొంతు ఫోనులో విన్నట్టు నాణ్యత పడిపోతుంది. వైర్‌లెస్సే కావాలంటే యూహెచ్‌ఎఫ్ అనే రేడియో తరంగాల మీద నడిచే, సొంత రిసీవర్‌తో వచ్చే మైకు తీసుకోండి. అనలాగ్ యూహెచ్‌ఎఫ్‌లో ఆలస్యం లేనట్టే లెక్క.

## కంప్యూటర్ మైకు జాక్

మొదట అందరం చేసేది ఇదే. నేనూ చేశాను. సౌండ్ అమరికల్లో మైకును ఎంచుకుని, ఈ పరికరాన్ని వినిపించు అనే టిక్కు పెడితే గొంతు స్పీకర్లలోకి వస్తుంది. సదుపాయమే గాని కరోకేకి పనికొచ్చే సదుపాయం కాదు. ఆలస్యం పదుల మిల్లీసెకన్లలో ఉంటుంది, కొన్ని కంప్యూటర్లలో వంద కూడా దాటుతుంది. దాన్ని తగ్గించే మీట అక్కడ లేదు. లైనక్స్‌లో పల్స్‌ఆడియో లూప్‌బ్యాక్ మాడ్యూలైతే అడగకపోతే 200 మిల్లీసెకన్లతో మొదలవుతుంది. లేటెన్సీ విలువను మనమే తగ్గించి రాయాలి.

రెండో ఇబ్బంది విద్యుత్తుది. ఆ గులాబీ రంగు జాక్ హెడ్‌సెట్లలో ఉండే చిన్న ఎలక్ట్రెట్ మైకుల కోసం చేసింది. కరోకేలో చేతిలో పట్టుకునే డైనమిక్ మైకు ఇచ్చే సిగ్నల్ ఒకటి రెండు మిల్లీవోల్టులే. అది వినపడాలంటే మైక్ బూస్ట్‌ను 20, 30 డెసిబెల్స్‌కి లేపాలి. గొంతుతోపాటు బుస్సు కూడా లేస్తుంది. చిన్న కంప్యూటర్లలో హెడ్‌ఫోనూ మైకూ కలిసిన ఒకే జాక్ ఉంటే మామూలు మైకు పిన్ను గుచ్చినా అది గుర్తుపట్టకపోవచ్చు.

మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఈ దారి చాలు. పాడటానికి వద్దు.

## సాఫ్ట్‌వేర్ మిక్సర్

కంప్యూటర్‌తో కుస్తీ పట్టడం ఇష్టమైనవాళ్ళ దారి ఇది. విండోస్‌లో వాయిస్‌మీటర్ లాంటి వర్చువల్ మిక్సర్‌తో పాటనూ గొంతునూ వేరువేరు పట్టీల్లో పెట్టి, దేని శబ్దం దానికి సర్ది, ఎకో, ఈక్వలైజర్ కలుపుకోవచ్చు. లైనక్స్‌లో ఇదే పనికి పైప్‌వైర్, జాక్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆలస్యం తగ్గాలంటే ఏసియో డ్రైవర్ కావాలి. 1997లో స్టెయిన్‌బర్గ్ తెచ్చిన ఈ పద్ధతి విండోస్ మిక్సింగ్ ఇంజన్‌ను దాటుకుని నేరుగా పరికరంతో మాట్లాడుతుంది. మంచి డ్రైవర్, 128 శాంపిళ్ళ బఫర్, తీరిక ఉన్న ప్రాసెసర్ కుదిరితే పాడుకునేలాగే ఉంటుంది.

అయితే కుదరాలి. బఫర్ తగ్గిస్తే కంప్యూటర్‌కి ఊపిరాడదు. వెనక ఏదో అప్‌డేట్ మొదలైన క్షణాన చరణం మధ్యలో టిక్కుమంటుంది. ఇంకో తగువు గడియారాలది. యూఎస్‌బీ మైకుకు తన గడియారం, హెచ్‌డీఎంఐకి తన గడియారం. రెండూ 48,000 అనే చెబుతాయి, కాని ఏ రెండు గడియారాలూ సరిగ్గా ఒక్కలా నడవవు. కాసేపటికి ఒక చెంబు పొంగుతుంది, లేదా ఇంకోటి ఖాళీ అవుతుంది. సాఫ్ట్‌వేర్ దీన్ని సర్దుతూనే ఉండాలి. సర్దడానికి అదనపు బఫర్ కావాలి. అదనపు బఫర్ అంటే మళ్ళీ ఆలస్యమే. మైకూ స్పీకర్లూ ఒకే పరికరానికి తగిలించి ఉంటే ఈ గొడవ ఉండదు. కాని అలాంటి పరికరం కొన్నాక గొంతును సాఫ్ట్‌వేర్ గుండా పంపాల్సిన అవసరమే తీరిపోతుంది. తరవాతి దారి అదే.

హోమ్ థియేటర్ వాళ్ళకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట. సినిమాల కోసం డాల్బీ, డీటీఎస్ ధ్వనిని విప్పకుండా రిసీవర్‌కి పంపే పాస్‌త్రూ అమరిక పెట్టుకుని ఉంటారు. అంటే కంప్యూటర్ మూట కట్టిన సరుకును కట్టినట్టే చేరవేస్తోంది. మూట విప్పకుండా అందులో గొంతు కలపడం కుదరదు. ఆ అమరికతో ఉన్న ఫైలు నడిచినంతసేపూ మైకు మూగబోతుంది, కారణం తెలియక మైకును మార్చేస్తారు. కరోకేకి కూర్చున్నప్పుడు పాస్‌త్రూ తీసేసి, మూట విప్పి పంపే పీసీఎం అమరిక పెట్టండి.

విండోస్ మైకు అమరికల్లో నాయిస్ తగ్గించేవి, ఎకో రద్దు చేసేవి, శబ్దాన్ని తనంతట తాను పెంచి తగ్గించేవి ఉంటే అన్నీ ఆపేయండి. అవి మాటల కోసం చేసినవి. సాగదీసిన ఆలాపనను ఫ్యాను మోత అనుకుని మింగేస్తాయి.

## ఆడియో ఇంటర్‌ఫేస్, డైరెక్ట్ మానిటర్

స్కోరు కావాలి, రికార్డింగు కావాలి, ఆలస్యం వద్దు అనేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మైకునూ స్పీకర్లనూ యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపే డబ్బా. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి చిన్న డబ్బాలో డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే మైకులోంచి వచ్చిన గొంతు రెండుగా చీలుతుంది. ఒక పాయ యూఎస్‌బీ మీదుగా కంప్యూటర్‌కి పోతుంది. ఇంకో పాయ డబ్బాలోనే తిరిగి నేరుగా బయటికొస్తుంది. కంప్యూటర్ ఎంత నిదానమైనా ఈ రెండో పాయకు సంబంధం లేదు.

దీనికి షరతు ఒకటే. పాట కూడా ఆ డబ్బా గుండానే బయటికి రావాలి. కంప్యూటర్ ధ్వనిని హెచ్‌డీఎంఐ మీద కాక ఇంటర్‌ఫేస్ మీద పంపి, ఇంటర్‌ఫేస్ వెనక లైన్ అవుట్ నుంచి రిసీవర్ అనలాగ్ ఇన్‌పుట్‌కి రెండు వైర్లు లాగాలి. బొమ్మ మాత్రం హెచ్‌డీఎంఐలోనే పోతుంది. సరౌండ్ పోయి స్టీరియో మిగులుతుంది. కరోకే పాటలకు అదే ఎక్కువ.

మిగిలేది ఎకో. నేరుగా వచ్చే గొంతు పొడిగా, గోడకేసి మాట్లాడినట్టు ఉంటుంది. యమహా ఏజీ03 లాంటివాటిలో రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు వినిపించే ఎకో) డబ్బాలోనే ఉంటుంది కాబట్టి సమస్యే లేదు. లేని డబ్బాలకు ఒక చిట్కా ఉంది, ఈ వ్యాసంలో నాకు బాగా నచ్చిన ముక్క కూడా అదే. అసలు గొంతును డైరెక్ట్ మానిటర్ నుంచే రానివ్వండి. కంప్యూటర్‌లో నడిచే రివర్బ్‌లో మాత్రం పొడి గొంతును పూర్తిగా మూసేసి, తడి భాగాన్ని, అంటే ఎకోని, నూటికి నూరు పెట్టండి. అప్పుడు కంప్యూటర్ నుంచి వచ్చేది ఎకో ఒక్కటే. అది 30 మిల్లీసెకన్లు ఆలస్యమైనా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎకో అనేదే ఆలస్యంగా రావాల్సింది. స్టూడియోల్లో ప్రీ డిలే అని కావాలనే అంత ఖాళీ పెడతారు. మనకు శాపమైన ఆలస్యం అక్కడ కొలువులో చేరిపోతుంది.

అల్ట్రాస్టార్ డీలక్స్ లాంటి ఆటలకూ ఈ దారి బాగా అతుకుతుంది. ఆట గొంతును విని శ్రుతి లెక్కేస్తే చాలు, తిరిగి వినిపించనక్కర్లేదు. ఆటలోనే మైకును వినిపించే అమరిక ఉంటే ఆపేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వస్తుంది.

ఇద్దరు కలిసి పాడాలంటే మైకు ఇన్‌పుట్లు రెండున్న డబ్బా కొనాలి. యుగళగీతం లేని కరోకే ఎంతసేపు సాగుతుంది?

## బయటి మిక్సర్

కంప్యూటర్ పని పాట వేయడం, మాటలు చూపించడం. అంతవరకే. దాని లైన్ అవుట్, మైకులు, అన్నీ ఒక చిన్న మిక్సర్‌లోకి. మిక్సర్ నుంచి రిసీవర్‌కి. కరోకే పుట్టినప్పుడూ దారి ఇదే. 1967లో షిగేయిచి నెగిషి చేసిన పెట్టెలోనైనా, 1971లో కోబేలో దైసుకే ఇనోయె చేసిన యంత్రంలోనైనా ఎయిట్ ట్రాక్ టేపు, మైకు, ఆంప్లిఫయర్ ఉండేవి. గొంతు తీగలో పోయి స్పీకర్లో పలికేది. ఆలస్యమన్న మాటే పుట్టే వీలు లేదు.

రెండు మూడు మైకులు, అప్పటికప్పుడు గొంతు పెంచడానికి వేలికి అందే మీట, ఎకోకి ఒక నాబ్, కంప్యూటర్ గురించి ఏమీ తెలియకపోయినా చూడగానే అర్థమయ్యే అమరిక. ఇంటిల్లిపాదీ వాడే చోట దీన్ని మించింది లేదు. యమహా ఎంజీ10ఎక్స్‌యూ లాంటివాటిలో ఎఫెక్టులతోపాటు యూఎస్‌బీ కూడా ఉంది కాబట్టి రికార్డింగు దారీ మూసుకుపోదు. కొనేముందు ఎఫెక్టులున్న మోడలేనా అని తప్పకుండా చూడండి. అదే వరుసలో అవి లేని మోడళ్ళు కూడా పక్కనే ఉంటాయి.

వైర్లు తగిలించేటప్పుడు చేసే తప్పులు మూడే మూడు. రిసీవర్ వెనక ఫోనో అని రాసి ఉన్న చోట గుచ్చకండి. అది రికార్డు ప్లేయర్ కోసం, శబ్దాన్ని బాగా పెంచి బేస్‌ను మార్చేస్తుంది. సీడీ, ఆక్స్ అని ఉన్నచోట గుచ్చండి. రెండోది, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కండెన్సర్ మైకులకే. డైనమిక్ మైకులు, వైర్‌లెస్ రిసీవర్లు వాడుతుంటే ఆపేసి ఉంచండి. మూడోది, కంప్యూటర్, మిక్సర్, రిసీవర్ వేరువేరు ప్లగ్గుల్లో ఉండి మ్‌మ్ అని హమ్ వస్తే అన్నీ ఒకే స్ట్రిప్‌లోకి మార్చి చూడండి. తగ్గకపోతే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. హమ్ పోతుంది కదా అని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం చేయకండి. చేతిలో పట్టుకునేది లోహపు మైకు, షాక్ కొట్టొచ్చు.

## గొంతుకు వేరే స్పీకర్

మైకు ఇన్‌పుట్ ఉన్న పవర్డ్ స్పీకర్ ఇంట్లో ఉంటే దాన్ని టీవీ పక్కన పెట్టి, మైకు దానికే గుచ్చి, పాటను మామూలుగా హోమ్ థియేటర్‌లో వేసుకోండి. అమరికలు మార్చే పనే లేదు, సినిమా ఏర్పాటు చెక్కుచెదరదు. గొంతు, పాట వేరువేరు చోట్ల నుంచి వచ్చినట్టు తెలుస్తుంది, అంతకంటే ఇబ్బంది లేదు. ఇంకో లాభం: మైకు కూత పెట్టినా, చేజారి కింద పడినా ఆ దెబ్బ హోమ్ థియేటర్ ట్వీటర్ల మీద పడదు. ఖరీదైన స్పీకర్లున్నవాళ్ళు దీన్ని చిన్నచూపు చూడకండి.

## మరి ఎవరికి ఏది

వారాంతంలో నలుగురు కూడి పాడుకునే ఇల్లయితే ఎఫెక్టులున్న మిక్సర్. ఒక్కరే సాధన చేసుకుంటూ రికార్డు చేసుకునేవారికి, స్కోరు ఆటలు ఆడే పిల్లలున్నవారికి ఇంటర్‌ఫేస్. ఏడాదికి రెండుసార్లు పాడితే ఎక్కువనుకునేవారికి వేరే స్పీకర్ చాలు. సాఫ్ట్‌వేర్ దారి ఎవరికంటే, మంచి ఏసియో డ్రైవర్ ఉన్న పరికరం ఇప్పటికే చేతిలో ఉండి, గొంతుకు శ్రుతి సరిచేసే ఎఫెక్టులు కూడా కావాలనుకునేవారికి. వాళ్ళకైనా బఫర్ సర్దడానికి ఒక సాయంత్రం పోతుంది. అతిథులు వచ్చే రోజు మొదలుపెట్టకండి.

## ఏ దారైనా ఈ రెండు చూసుకోండి

రిసీవర్‌లో లిప్ సింక్ డిలే సున్నా చేయండి. టీవీలో బొమ్మ ఆలస్యమవుతోందని చాలామంది అక్కడ వంద, నూటయాభై పెట్టి మరిచిపోతారు. గొంతు కూడా ఆ రిసీవర్ గుండానే పోతుంటే దానికీ అదే శిక్ష పడుతుంది. తెర మీది మాటలు పాటకంటే వెనకబడితే టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి. ఇంకా తేడా ఉంటే పాటను మాత్రమే ప్లేయర్‌లో వెనక్కి జరపండి. వీఎల్‌సీలో జే, కే కీలు ఆ పనే చేస్తాయి, కోడి అనే ప్లేయర్‌లో ఆడియో ఆఫ్‌సెట్ ఉంది. రిసీవర్‌లో డైరెక్ట్ మోడ్ ఉంటే కరోకేకి దాన్ని వాడండి, లెక్కల భారం తగ్గుతుంది.

కూత పెట్టడం మైకు స్పీకర్ల ముందుకు వచ్చినప్పుడు మొదలవుతుంది. పాడేవారు స్పీకర్ల వరుసకు కాస్త వెనకగా, టీవీ పక్కకు నిలబడాలి. మైకును మూతికి దగ్గరగా పట్టి శబ్దం తగ్గించడం, దూరంగా పట్టి పెంచడం కంటే ఎంతో మేలు. జాలీని పిడికిట్లో మూసి పట్టుకుంటే కూత ఇంకా ముందే వస్తుంది. మిక్సర్‌లో 80 లేదా 100 హెర్ట్జ్ కింద కోసేసే మీట ఉంటే నొక్కండి. ఎకో పెంచినకొద్దీ కూత దగ్గరవుతుందని గుర్తుంచుకోండి.

అంతా అయ్యాక చెవిని నమ్మకుండా ఒకసారి కొలవండి. మైకు పక్కనే ఫోను పెట్టి రికార్డింగ్ మొదలుపెట్టి, పెన్సిల్‌తో మైకును ఒక్కసారి టక్కున కొట్టండి. ఆ రికార్డింగును ఒడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిస్తే రెండు ముళ్ళు కనిపిస్తాయి. మొదటిది పెన్సిల్ దెబ్బ, రెండోది స్పీకర్లోంచి వచ్చిన దెబ్బ. రెండింటి మధ్య దూరాన్ని మిల్లీసెకన్లలో చదివి, స్పీకర్ నుంచి ఫోనుకు ఉన్న ప్రతి మీటరుకూ మూడు చొప్పున తీసేయండి. మిగిలింది 15 లోపుంటే ఇక పాట ఎంచుకోవడమే. 40 ఉంటే మైకు మార్చకండి, ముందు రిసీవర్ అమరికలు చూడండి. అవి సరిగానే ఉంటే గొంతు ఎక్కడో కంప్యూటర్ చుట్టూ తిరిగి వస్తోందన్నమాట. ఆ వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళండి.